మీటరు పెట్టెలో అనర్హులు

ఫాల్గుణం ఇంకా పూర్తిగా వెళ్ళకముందే మా నగర పంచాయతీకి పక్షుల మీద ప్రేమ పుట్టింది. అంతకుముందు ఏడాది మొక్కల మీద పుట్టింది. ఆ మొక్కల చుట్టూ పాతిన ఇనప కంచెలు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఈసారి పైనుంచి కాగితం వచ్చిందట. వసంత కాలంలో ప్రతి పౌరుడూ రోజుకి ఇరవై నిమిషాలు పక్షుల్ని చూసి ఆనందించాలి, ఆనందించినట్టు ఫొటో తీసి పంపాలి. మర్నాటి నుంచి మా వీధిలో జనం మెళ్ళో దుర్భిణులు వేసుకుని తిరగడం మొదలెట్టారు. అవి లేనివాళ్ళు సెల్‌ఫోన్లు ఎత్తిపట్టుకుని తిరిగారు. ఎదురింటి నూకరత్నం పెనిమిటి ఆకాశంలోకి చూసుకుంటూ నడిచి మురుగుకాలవలో పడ్డాడు. కాలవలోంచే ఆనందిస్తున్నట్టు ఫొటో పంపాడు. వార్డులో అదే బావుందన్నారు.

నాకు దుర్భిణి లేదు. పిచ్చుకలున్నాయి.

మా అరుగు మీద గోడకి పాతకాలపు చెక్క పెట్టె ఉంది, అందులో కరెంటు మీటరు. పెట్టె మూల ఒకటి చెదలు తిని గుండ్రంగా కన్నం పడింది. ఏటా పిచ్చుకల జంట అందులోనే గూడు పెడుతుంది. కోతలప్పుడు నేను ఎవరి చేలోనో నాలుగు వరిపనలు అడిగి తెచ్చుకుని, కంకులు జడలా అల్లి చూరుకి వేలాడదీస్తాను. వరికుచ్చు అంటాం. మా నాన్న కట్టేవాడు, నేను కడుతున్నాను. ఎందుకని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ ఏడాది మూడు గుడ్లు. అవి పిల్లలైన రోజునే పక్షి సంక్షేమ విభాగం ప్రాజెక్టు అధికారి శేషఫణి గారు జీపులో మా వీధికి వచ్చారు. తల మీద టోపీ, మెళ్ళో రెండు దుర్భిణులు. ఒకటి దూరంగా ఉన్నవాటికి, ఒకటి మరీ దూరంగా ఉన్నవాటికట.

వరికుచ్చు చూసి ఆయన చాలా సంతోషించారు. ఇది సంప్రదాయ ఆహార పంపిణీ వ్యవస్థ అన్నారు. దీన్ని ప్రభుత్వ పథకంగా మార్చి ఇంటింటికీ తీసుకెళ్తామన్నారు. అది అప్పటికే ఇంటి ముందే వేలాడుతోందని నేను చెప్పలేదు. రెండో రోజు పొద్దున్నే నా గోడకి బోర్డు కొట్టారు. ‘పిచ్చుక భరోసా, పంపిణీ కేంద్రం నంబరు పద్నాలుగు.’

బోర్డు కొడుతుండగా కుచ్చు మీదికి ఉడత దిగింది.

“ఈ ఉడత ఎలా తింటోంది?” అన్నారు శేషఫణి గారు.

“చేతుల్తోనండి.”

ఆయన నా వంక కాసేపు చూసి, డైరీలో ఏదో రాసుకున్నారు. అర్హులకి చేరవలసిన లబ్ధి అనర్హుల పాలవుతోందని, కనుక ముందు అర్హుల్ని గుర్తించాలని చెప్పి వెళ్ళారు. అక్కడితో మొదలైంది.

మూడో రోజు దమయంతి వచ్చింది. ఆఫీసులో సర్వే పని చేసే అమ్మాయి, చేతిలో ట్యాబు. మంచి పిల్ల. ఎండనపడి వచ్చింది, ముందు మంచినీళ్ళు తాగింది. తర్వాత పిచ్చుకల వివరాలు అడిగింది. పేర్లున్నాయా అంటే లేవన్నాను. పుట్టిన తేదీలు అడిగితే పిల్లలవి మాత్రం చెప్పాను. అంతలో ట్యాబు ఆగిపోయింది. ఇంటి పెద్ద పేరూ, గుర్తింపు కార్డు నంబరూ ఇస్తే గాని ముందుకి కదలనంది. మగపిచ్చుకకి కార్డు లేదు.

“తాతగారూ, మీ పేరు వేసేస్తానండి, ఏమనుకోకండి. లేకపోతే ఇది నన్ను ఇంటికి వెళ్ళనివ్వదు.”

వెయ్యమన్నాను. ఆ సాయంత్రానికి నేను అయిదుగురు పిచ్చుకలకి ఇంటి పెద్దనయ్యాను. ఈ సంగతి నూకరత్నానికి ఎలా తెలిసిందో, వీధి అవతల నుంచే అడిగింది.

“ఈ వయసులో ముగ్గురు పసిపిల్లలేంటి బావగారూ?”

నేను లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను.

మర్నాడు ఫొటోలు. లబ్ధిదారు ముఖం సూటిగా, రెండు కళ్ళూ కనపడేలా ఉండాలని నిబంధన. పిచ్చుకకి కళ్ళు రెండు పక్కల ఉంటాయి, సూటిగా చూస్తే ముక్కు ఒకటే కనిపిస్తుంది. దమయంతి గంటసేపు తంటాలు పడింది. ఆడది దొరికింది. మగది శేషఫణి గారి జీపు దగ్గరికి పోయింది. జీపు పక్క అద్దంలో తన నీడ చూసుకుని, ఇంకో మగపిచ్చుక తన వీధిలోకి వచ్చిందనుకుని పొడవడం మొదలెట్టింది. వసంతంలో వాటికి అంత పౌరుషం. దమయంతి ఆ అవకాశం వదులుకోకుండా ఫొటో కొట్టింది. ఫొటోలో ఇద్దరు పడ్డారు. ట్యాబు ఇద్దర్నీ నమోదు చేసేసి, కాసేపయ్యాక ఇద్దరి ముఖాలూ ఒక్కటేనని ఎర్రగా వెలిగింది.

శేషఫణి గారు నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించారు. మీ ఇంట్లో ఒక సభ్యుడు రెండు పేర్లతో లబ్ధి పొందుతున్నాడు, దీన్ని బోగస్ నమోదు అంటారు, ఇంటి పెద్దగా మీ బాధ్యత ఉంటుంది అన్నారు. నేను అద్దం కేసి చూశాను. అది ఇంకా పొడుస్తూనే ఉంది. ఆయన అటు చూడలేదు, ట్యాబు చూస్తున్నారు.

అయిదో రోజు అర్హత విచారణ. ఆయన అరుగుకి నాలుగు బారల దూరంలో కుర్చీ వేయించుకుని కూర్చుని, దుర్భిణిలోంచి మీటరు పెట్టెని చూస్తూ నిబంధనలు చదివారు. లబ్ధిదారుకి వేరే జీవనాధారం ఉండరాదు. సొంత ఇల్లు ఉండరాదు. ప్రభుత్వ ఆస్తిని ఆక్రమించి ఉండరాదు. సరిగ్గా అప్పుడే ఆడది ఆకుపచ్చ పురుగుని ముక్కున కరుచుకుని వచ్చింది. కన్నంలోంచి మూడు నోళ్ళు తెరుచుకున్నాయి.

“ఏమిటది?”

“పురుగండి.”

“ఎవరిచ్చారు?”

“ఎవరూ ఇవ్వలేదండి. తనే పట్టుకొచ్చింది. పసిపిల్లలకి వడ్లు దిగవండి, పురుగులే పెట్టాలి.”

ఆ నెలలో నేను మాట్లాడిన పెద్ద మాట అదే. మాట్లాడకుండా ఉండాల్సింది. ఆయన మొహం గంభీరంగా అయిపోయింది. వేరే సంపాదన ఉందన్న మాట, పైగా పథకం సరుకుని నిరాకరిస్తున్నారన్న మాట అని రెండూ రాసుకున్నారు. సాయంత్రానికి నోటీసు నా చేతికొచ్చింది. దమయంతి చదివి వినిపించింది.

“సదరు కుటుంబము విద్యుత్ మీటరు పెట్టెను అనుమతి లేకుండా ఆక్రమించి, స్వయం సంపాదన కలిగియుండియు, ఒకరే ఇద్దరుగా నమోదై పథకమును దుర్వినియోగపరచినందున, ఈ నోటీసు అందిన ఏడు దినములలోగా ఖాళీ చేయవలెను. లేనియెడల గూటితో సహా బలవంతముగా తొలగించబడును.”

వరికుచ్చుకి ప్లాస్టిక్ కవరు తొడిగి, తాడు కట్టి, లక్కతో సీలు వేశారు. ఉడత ఆ సాయంత్రమే కవరుని కింద నుంచి కొరికి యథాప్రకారం తింది. దాని మీద చర్య తీసుకోవడానికి వీల్లేదట. అది పథకంలో నమోదు కాలేదు.

నేను వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. పిచ్చుకపిల్ల గుడ్డులోంచి వచ్చాక ఎగరడానికి పదహారు రోజులు పడుతుంది. నోటీసు వచ్చేసరికి వాటికి అయిదు రోజులు. కళ్ళు అప్పుడప్పుడే తెరుస్తున్నాయి, ఒంటి మీద ఈకలు లేవు. గడువు ముగిసేసరికి పన్నెండు. నాలుగు రోజులు తక్కువ పడుతున్నాయి.

గూడు ఎత్తి మా పెరట్లో పెట్టెయ్యండి, మునగచెట్టు కింద చల్లగా ఉంటుందని నూకరత్నం అంది. చోటు మారిస్తే తల్లి రాదన్నాను. అయితే ఆఫీసుకెళ్ళి కాళ్ళావేళ్ళా పడమంది. అదీ నాకు రాదు. ఏడు రోజులూ అరుగు మీద కూర్చున్నాను. కవరు జోలికి పోలేదు. నేల మీద గుప్పెడు నూకలు చల్లాను. నేల గురించి నోటీసులో ఏమీ లేదు.

పన్నెండో రోజున నిచ్చెన వచ్చింది. దాని వెనక లైన్‌మన్, దమయంతి, శేషఫణి గారు. లైన్‌మన్ నిచ్చెన గోడకి ఆనించేదాకా ఊరుకున్నాను.

“నోటీసు ఎవరికిచ్చారండి?” అన్నాను.

“మీకే కదా ఇచ్చాం పెద్దాయనా.”

“ఖాళీ చేసేది నేనా అండి?”

శేషఫణి గారు దమయంతి వంక చూశారు. దమయంతి నిబంధనల పుస్తకం తిరగేసింది. ఆ అమ్మాయి అంత నెమ్మదిగా పేజీలు తిప్పడం నేనెప్పుడూ చూడలేదు. చివరికి దొరికింది. నోటీసు నివాసి చేతికే అందజేయాలి, కుదరనప్పుడు నివాసి గుమ్మానికి అంటించాలి.

లైన్‌మన్ నోటీసు తీసుకుని ఎక్కాడు. కాగితం మీటరు పెట్టె కన్నా పెద్దది. గుమ్మానికి అంటిస్తే గుమ్మం మూసుకుపోతుంది. మూసుకుపోతే నివాసులు ఖాళీ చేయడానికి దారి ఉండదు. దారి మూసి ఖాళీ చేయమనడం చట్టవిరుద్ధమని శేషఫణి గారే అన్నారు, ఆయన న్యాయం తప్పే మనిషి కాదు. చిన్న నోటీసు అచ్చు వేయించడానికి మనిషిని పంపారు. అది బస్సు టిక్కెట్టంత సైజులో, సంతకం, ముద్రలతో సహా తయారై వచ్చేసరికి మర్నాడు సాయంత్రం అయింది. కన్నం పక్కన అంటించారు. ఆడది వచ్చి మూల కాస్త పీకి గూట్లో పరుచుకుంది.

నోటీసు అందినట్టేనని, గడువు మాత్రం పాతదేనని రాసుకున్నారు.

పద్నాలుగో రోజున మళ్ళీ వచ్చారు. పిల్లలకి ఈకలొచ్చాయి. రెక్కల్లో మాత్రం ఇంకా బలం లేదు, కన్నం అంచుకి వచ్చి కిందికి చూసి వెనక్కి పోతున్నాయి. నిచ్చెన వేశారు. తొలగించాల్సినవాళ్ళ జాబితా చదవమన్నాను. దమయంతి చదివింది. ఇంటి పెద్ద ఒకరు, మగవారు ఇద్దరు, ఆడవారు ఒకరు, పిల్లలు ముగ్గురు, మొత్తం ఏడుగురు. ఆ జాబితాలో నేనూ ఉన్నాను. నన్ను కూడా నిచ్చెనేసి దింపుతారా అని అడగలేదు. అడిగితే దింపేవారు.

“రెండో మగపిచ్చుక ఇక్కడ లేడండి,” అన్నాను.

“ఎక్కడున్నాడు?”

“మీ జీపు అద్దంలోనండి.”

లైన్‌మన్ నిచ్చెన మీదే ఉండి ఇటూ అటూ చూశాడు. శేషఫణి గారు జీపు దాకా నడిచి వెళ్ళి అద్దంలో చూశారు. అందులో ఆయనే కనిపించారు.

ఆయన కష్టం నాకు అర్థమైంది. ఆ రెండో పిచ్చుక లేడని రాస్తే, లేనివాణ్ణి నమోదు చేసినందుకు ఆఫీసు సంజాయిషీ చెప్పుకోవాలి. ఉన్నాడని రాస్తే, అతను ప్రభుత్వ వాహనంలో ఉంటున్నాడు. అనర్హుడికి ప్రభుత్వ వాహనంలో ఆశ్రయం ఇచ్చినట్టవుతుంది. గంటసేపు ఫోన్లు చేశారు. చివరికి అద్దాన్ని విచారణ నిమిత్తం స్వాధీనం చేసుకోవాలని తేలింది. మరలు విప్పించారు. తెల్లగుడ్డలో చుట్టి, పంచనామా రాసి, సాక్షిగా నూకరత్నం పెనిమిటి చేత సంతకం పెట్టించి, జిల్లా ఆఫీసుకి పంపారు. పక్క అద్దం లేకుండా బండి కదిపితే తన ఉద్యోగం పోతుందని డ్రైవరు దిగి కూర్చున్నాడు. ఆ రోజు పని ఆగిపోయింది. మర్నాడంతా జీపు మా వీధిలోనే ఉంది. మగది వచ్చి, అద్దం ఉండాల్సిన చోట కూర్చుని, శత్రువు ఏమయ్యాడా అని నాలుగు వైపులా వెతికింది.

నూకరత్నం ఆ పూట మా అరుగు మీదకి కాఫీ తెచ్చింది. ఇంకెన్నాళ్ళని అడిగింది. ఒక్క వేలు చూపించాను.

పదహారో రోజు పొద్దున్నే ఆటోలో వచ్చారు. ఈసారి ఎవరేం చెప్పినా ఆగేది లేదని శేషఫణి గారు ముందే చెప్పారు. పేపరువాళ్ళు ఇద్దరు వచ్చారు. నా దగ్గర అడగడానికి ఏమీ మిగల్లేదు. లైన్‌మన్ నిచ్చెన ఎక్కాడు.

అతను చెయ్యి చాపేలోపు మొదటిది బయటికొచ్చింది. పడ్డట్టే పడి, రెక్కలు దొరికి, బట్టలారేసుకునే తీగ మీద వాలింది. దాని వెనకే రెండోది. తల్లి తీగ మీద అటూ ఇటూ గెంతుతూ అరుస్తోంది. మూడోది కన్నం అంచున నిలబడిపోయింది. అది అన్నిటికన్నా చిన్నది. లైన్‌మన్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“కానివ్వు,” అన్నారు శేషఫణి గారు.

“ఒక్క నిమిషం సార్, అదే వస్తంది,” అన్నాడు లైన్‌మన్.

వచ్చింది. తీగ దాకా చేరలేకపోయింది. గాల్లో రెండు సార్లు తన్నుకుని, సరాసరి శేషఫణి గారి టోపీ మీద దిగింది.

ఆయన అప్పటికే దుర్భిణి ఎత్తారు. కరెంటు తీగలు చూశారు, నూకరత్నం వాళ్ళ మునగచెట్టు చూశారు, ఆకాశం చూశారు. మెడ తిప్పినప్పుడల్లా టోపీ మీది పిల్ల కూడా తిరిగింది. దమయంతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పేపరువాళ్ళు ఫొటోలు తీస్తున్నారు, అవి తనకేననుకుని ఆయన దుర్భిణి ఇంకాస్త పైకెత్తారు. పిల్ల తోక ఆడించి, టోపీ మీద చిన్న తెల్ల ముద్ర వేసి, ఈసారి బాగా ఎగిరి మునగచెట్టులో పడింది.

ఆయన దుర్భిణి దించారు. “మూడోది ఎటు వెళ్ళింది?”

“మీతో చెప్పే వెళ్ళిందండి,” అన్నాను.

నివాసులు స్వచ్ఛందంగా ఖాళీ చేశారని రాశారు. జిల్లాలో అనర్హులు లేని మొట్టమొదటి వీధి మాదేనని పేపర్లో వేయించారు. పెట్టెలో గూడు తీసేసి, కన్నానికి రేకు కొట్టారు. నాకు చప్పట్లతో శాలువా కప్పారు. నా పేరేమిటని ఎవరో అడిగితే, జాబితాలో చూసి ‘కుటుంబ పెద్ద’ అని పిలిచారు.

పిల్లలు బతికాయి, చాలు అనుకున్నాను. కానీ వసంతం అయిపోలేదు. అయిదు రోజులకి ఆ జంట మళ్ళీ వచ్చింది. రెండో కాన్పు. మగది గడ్డిపరక నోట్లో పెట్టుకుని వచ్చి రేకు మీద కొట్టుకుంది. ఆడది వచ్చి కొట్టుకుంది. పరక కింద పడితే మళ్ళీ తెచ్చింది. పొద్దుట నుంచి సాయంత్రం దాకా రేకు టకటకమంటూనే ఉంది. మూడో రోజుకి ఆ చప్పుడు కూడా ఆగిపోయింది. రాలేదు. ఎటు పోయాయో తెలీదు.

రేకు నేనే పీకేద్దును. దాని మీద సీలుంది, పీకితే మళ్ళీ నిచ్చెన వస్తుంది. గుడ్లు పెట్టాక వస్తే ఈసారి నెల రోజులు ఎవరు ఆపగలరు? అందుకని దమయంతి దగ్గరికెళ్ళి అర్జీ రాసిపెట్టమన్నాను. రాసింది. నాలుగు ముక్కలు. రేకు తీయించగలరు, ఇట్లు. చేతికిస్తే తీసుకునే అధికారం తనకి లేదని, ఆఫీసు వరండాలో ఫిర్యాదుల పెట్టె ఉంటుంది, అందులో వేయమని చెప్పింది. ప్రతి సోమవారం తెరుస్తారని నిబంధన అని కూడా చెప్పింది. నిబంధన అనేటప్పుడు ఎటో చూసింది.

వెళ్ళాను. పెట్టె స్తంభానికి బిగించి ఉంది, ఆకుపచ్చ రంగు. తాళం ఉంది, తుప్పు పట్టి గడియా తాళం ఒక్కటైపోయాయి. పక్క రేకు తుప్పు తినేసి పిల్లల బంతి దూరేంత కన్నం పడింది. పైన సందులోంచి కాగితం తోయబోతుంటే వేలికి గడ్డి తగిలింది. లోపల ఏదో కదిలింది. పక్క కన్నంలోంచి మగపిచ్చుక బయటికొచ్చి, తాళం మీద కూర్చుని, ఛాతీ పొంగించి నన్ను పొమ్మంది. గొంతు కింద నల్లమచ్చ. మా ఇంటిదో కాదో చెప్పలేను, అన్నిటికీ ఆ మచ్చే. లోపల ఆడది సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది.

ఆఫీసులోకి వెళ్ళి ఆ పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుందని ముగ్గుర్ని అడిగాను. బదిలీ అయిపోయినాయన పట్టుకుపోయాడని ఒకాయన అన్నారు. అది మా విభాగం కిందికి రాదన్నారు ఇంకొకాయన. మూడో ఆయన, మన వరండాలో అలాంటి పెట్టె ఉందా అని నన్నే అడిగారు.

నా ప్రాణం కుదుటపడింది. బయటికొచ్చి అర్జీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాను.

అప్పుడే మెట్లెక్కి ఒకతను వచ్చాడు, నడివయసు మనిషి. చేతిలో కాగితం, వీధి కుళాయి సంగతట. పెట్టె దగ్గర నేను నిలబడి ఉండటం చూసి, “ఇదేనా తాతా ఫిర్యాదులు వేసేది?” అన్నాడు.

“ఇదే. ఇప్పుడు వెయ్యకు బాబూ, ఓ నెలాగి రా.”

“నెలకి పనవుద్దంటావా?”

మగది మళ్ళీ పరక పట్టుకుని కన్నంలోకి దూరింది.

“దాంట్లో వాళ్ళకి అవుద్ది,” అన్నాను.